జీపు నుంచి హమ్వీ దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ జీపు దాకా

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: అమెరికా ఆర్మీ ఇన్నేళ్ళూ జీపు స్థానంలో వచ్చిన హమ్వీ అనే బండి వాడింది, అది చాలదని కవచం ఉన్న జేఎల్‌టీవీ అనే బండి చేయించింది, 2025లో ఆ రెండూ కొత్తగా కొనడం ఆపేస్తున్నామంది, ఇప్పుడు తలుపులు కూడా లేని పికప్ లాంటి బండి కొంటోంది. "అంత డబ్బు, అంత టెక్నాలజీ ఉండి ఒక మంచి జీపు చేసుకోలేకపోతున్నారా?" అని అడిగారు. చివర్లో, మెకానిక్‌గా మీకు వీటిలో ఏది ఇష్టమని కూడా అడిగారు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1985 నుంచి 24 ఏళ్ళు మన ఆర్మీలో, బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేశాను. ట్రైనింగ్ సికింద్రాబాద్‌లోనే. రిటైరయ్యాక తిరుమలగిరి దగ్గర చిన్న షెడ్డు వేసుకుని పాత జీపులు బాగుచేస్తున్నాను. బండ్లు డిజైన్ చేసినవాణ్ణి కాదు, వాటి కింద పడుకుని పని చేసినవాణ్ణి. అక్కణ్ణుంచి కనిపించినదే రాస్తున్నాను.

సూటిగా జవాబు: వాళ్ళు చేసిన ప్రతి బండీ దేనికోసం చేశారో ఆ పనికి బాగానే పనికొచ్చింది. తర్వాత పని మారింది. బండి మారలేదు, దాని మీద బరువు పెరిగింది. 1985 నాటి హమ్వీ ఖాళీ బరువు దాదాపు 2.3 టన్నులు. ఇరాక్‌లో కవచం తొడిగాక అది నాలుగున్నర టన్నులకు దగ్గరగా వెళ్ళింది. జేఎల్‌టీవీ ఆరు టన్నుల పైన. ఇప్పుడు కొంటున్న ఆ తలుపుల్లేని బండి, ఐఎస్‌వీ, మళ్ళీ 2.3 టన్నులు. నలభై ఏళ్ళు తిరిగి తిరిగి మొదటి హమ్వీ బరువు దగ్గరికే వచ్చి ఆగారు. మీకు పిచ్చిగా కనబడుతున్నది అదే. ఈ తిరుగుడులో ప్రతి మలుపుకూ ఒక కారణం ఉంది.

సైన్యం బండికి కావలసినవి మూడు: లోపలివాడికి రక్షణ, మోయగల బరువు, పరుగు. ఇది ముగ్గురు అన్నదమ్ముల పొలం పంపకం లాంటిది. ఒకడికి ఒక గట్టు జరిపితే మిగతా ఇద్దరికీ కోత పడుతుంది. ఇంజిన్ పెద్దది పెడితే సరిపోతుంది కదా అనుకుంటారు చాలామంది. పెద్ద ఇంజిన్‌కు పెద్ద గేర్ బాక్స్, దానికి బలమైన యాక్సిల్, దానికి మందం టైర్లు, వీటన్నిటికీ పెద్ద బ్రేకులు. అన్నీ కలిపి మళ్ళీ బరువే.

మొదటి జీపు కథ కూడా బరువు గొడవే. 1940 వేసవిలో ఫ్రాన్స్ పడిపోయింది. అమెరికా ఆర్మీకి ముందుకెళ్ళి చూసి రావడానికి సరైన చిన్న బండి లేదు. 135 కంపెనీలకు కాగితాలు పంపింది: నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉండాలి, బరువు 590 కిలోలు దాటకూడదు, మొదటి బండి 49 రోజుల్లో గేటు దగ్గర ఉండాలి. టెండర్‌కు వచ్చినవి రెండే కంపెనీలు: పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్ళో అప్పటికే నష్టాల్లో మునిగి ఉన్న అమెరికన్ బాంటమ్, ఒహాయోలోని విల్లీస్ ఓవర్‌ల్యాండ్. 49 రోజుల్లో ఇస్తామని నిలబడింది బాంటమ్ ఒక్కటే. వాళ్ళు డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీర్‌ను పిలిపించుకున్నారు. ఆయన రెండు రోజుల్లో డ్రాయింగులు గీసేశాడు. సెప్టెంబర్ 23న, గడువు ఇంకో అరగంట ఉందనగా, బండి మేరీల్యాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్ గేటు దాటింది.

590 కిలోలనేది ఆఫీసులో కూర్చుని రాసిన అంకె. బాంటమ్ తెచ్చిన మొదటి బండే 800 కిలోలు దాటింది. ఆర్మీ పరిమితిని పెంచుకుంటూ పోయి 2,160 పౌండ్ల దగ్గర, అంటే దాదాపు 980 కిలోల దగ్గర ఆపింది. విల్లీస్ బండి దానికంటే నూరు కిలోలకు పైగా ఎక్కువుంది. కారణం ఇంజిన్. 60 హార్స్‌పవర్ ఇచ్చే నాలుగు సిలిండర్ల ఇంజిన్, బాంటమ్ దగ్గర, తర్వాత పోటీలోకి వచ్చిన ఫోర్డ్ దగ్గర అంత బలమైనది లేదు. విల్లీస్ చీఫ్ ఇంజనీర్ బార్నీ రూస్ ఇంజిన్ మార్చడానికి ఒప్పుకోలేదు. బండిని నట్టు నట్టూ విప్పించి ఒక్కొక్క భాగాన్నీ తూకం వేయించాడు. నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొసలు కోయించాడు, రేకు మందం తగ్గించాడు, పెయింటు కూడా పల్చన చేయించాడని చెబుతారు. బండి పరిమితి లోపలికి వచ్చింది, ఇంజిన్ మిగిలింది. ఆ ఇంజిన్ వల్లే 1941లో పెద్ద ఆర్డర్ వాళ్ళకు దక్కింది.

ఇక్కడ బాంటమ్‌కు జరిగింది గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది. వాళ్ళ బండి డ్రాయింగులను ఆర్మీయే విల్లీస్‌కు, ఫోర్డ్‌కు చూపించింది. బాంటమ్ ఫ్యాక్టరీ చిన్నది, యుద్ధానికి కావలసినన్ని చేయలేదని ఆర్మీ వాదన. చివరికి జీపులు విల్లీస్, ఫోర్డ్ కలిపి దాదాపు 6.4 లక్షలు చేశాయి. జీపును కనిపెట్టిన బాంటమ్ ఆ జీపుల వెనక తగిలించే ట్రెయిలర్లు చేసుకుంటూ యుద్ధం గడిపింది.

నన్నడిగితే అమెరికా అసలు గొప్పతనం డిజైన్ కంటే ఇక్కడే ఉంది. రెండు కంపెనీలు, ఒకే కొలతలు. విల్లీస్ గేర్ బాక్స్ ఫోర్డ్‌లో కూర్చుంటుంది, ఫోర్డ్ యాక్సిల్ విల్లీస్‌కు పడుతుంది. యుద్ధంలో పాడైన మూడు బండ్ల నుంచి రెండు బండ్లు నిలబెట్టొచ్చు. రెండిటికీ తేడా తెలియాలంటే బోల్టు తల తుడిచి చూడాలి. హెన్రీ ఫోర్డ్ కంపెనీ తన భాగాలన్నిటి మీదా, చివరికి బోల్టుల తలల మీద కూడా, చేతిరాత లాంటి ఎఫ్ అక్షరం కొట్టించింది. నేను మొదటిసారి దాన్ని చూసింది మసి, గ్రీజు అరంగుళం మందాన పేరుకున్న ఒక స్ప్రింగ్ షాకిల్ దగ్గర. కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే చిన్న ఎఫ్ బయటపడింది. ఆ రోజు ఇక పని సాగలేదు, బండి చుట్టూ తిరిగి బోల్టులు తుడవడమే.

మెకానిక్ కోసం ఆలోచించిన బండి అది. హెడ్‌లైటుకు ఒక రెక్క నట్టు ఉంటుంది. అది వదులు చేసి లైటును వెనక్కి తిప్పితే వెలుగు ఇంజిన్ మీద పడుతుంది. రాత్రి రిపేరుకు వేరే టార్చి అక్కర్లేదు. అదే బండిలో పెట్రోల్ ట్యాంకు మాత్రం డ్రైవర్ సీటు కింద పెట్టారు! పెట్రోల్ పోయాలంటే డ్రైవర్ దిగి, దిండు ఎత్తాలి. తుపాకీ గుండ్ల మధ్య పెట్రోల్ మీద కూర్చుని నడిపిన కుర్రాళ్ళ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు అదోలా ఉంటుంది. రక్షణ అనే మాట ఆ డిజైన్‌లో ఎక్కడా లేదు. కనబడకుండా ఉండటం, త్వరగా తప్పుకోవడం, అంతే.

అది ఎంతవరకు పనిచేస్తుందో మన దగ్గరే చూశాం. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో, అసల్ ఉత్తర్ దగ్గర, 4 గ్రెనేడియర్స్‌కు చెందిన అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్‌తో (ట్యాంకులను కొట్టే తేలిక ఫిరంగి) పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను కొట్టాడు. జీపు, గన్ను, ప్యాటన్ మూడూ అమెరికా డిజైన్లే, చిత్రం చూడండి. చేలల్లో పంట చాటున దాగి ఉన్నంతసేపు టన్ను బండి ముందు నలభై టన్నుల పైబడిన ట్యాంకు ఓడిపోయింది. ఒక ట్యాంకు కంట పడ్డాక జీపుకు అడ్డం ఏమీ లేదు. ఆయన అక్కడే వీరమరణం పొందారు, పరమవీరచక్ర వచ్చింది. తేలిక బండి బలం, బలహీనత రెండూ ఆ ఒక్క ఉదయంలో ఉన్నాయి.

జీపు తర్వాత వచ్చిన ఎం151 గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. ఫోర్డ్ డిజైన్, 1960 నుంచి సైన్యంలోకి వచ్చింది. విడిగా చాసీ లేదు, నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షన్. రోడ్డు మీద జీపు కంటే మెత్తగా పోయేది. వెనక చక్రాల అమరిక వల్ల మలుపులో వేగంగా తిప్పితే చక్రం లోపలికి ముడుచుకుని బండి పల్టీ కొట్టేది. 1970 ప్రాంతంలో ఎ2 మోడల్‌లో సస్పెన్షన్ మార్చారు. అయినా సైన్యం పని అయిపోయిన ఎం151లను జనానికి అమ్మడానికి భయపడి చాలా వాటిని ముక్కలు కోయించింది. వేలంలో పాత మిలిటరీ బండ్లు కొనుక్కు బతికే నా లాంటి వాళ్ళకు ఇంతకంటే బాధాకరమైన దృశ్యం ఉండదు.

ఇక హమ్వీ. 1983 మార్చిలో ఏఎం జనరల్ కంపెనీకి 55,000 బండ్ల ఆర్డర్, 120 కోట్ల డాలర్లు. ఈ ఏఎం జనరల్ ఎవరో కాదు, పాత విల్లీస్ వంశమే. విల్లీస్ కైజర్ చేతికి పోయి, కైజర్ జీప్ అమెరికన్ మోటార్స్ చేతికి పోయి, అందులోని మిలిటరీ విభాగం ఏఎం జనరల్ అయింది.

నేను హమ్వీని దగ్గరగా చూసింది సోమాలియాలో. ఐక్యరాజ్య సమితి మిషన్ కింద మన 66 బ్రిగేడ్ 1993-94లో అక్కడుంది. మొగదిషు ఓడరేవులో మా బండ్లు దించుకుంటున్నప్పుడు పక్కనే ఒక అమెరికా కుర్రాడు హమ్వీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, పానా చూపించి సైగ చేస్తే నవ్వి పక్కకు జరిగాడు. కిందకి దూరి చూస్తే చక్రం దగ్గర బ్రేకు లేదు! ఒక్క నిమిషం అర్థం కాలేదు. బ్రేకు డిస్కులు చక్రాల్లో లేవు, మధ్యలో డిఫరెన్షియల్ పక్కన బిగించి ఉన్నాయి. బురద, రాళ్ళు తగలకుండా. చక్రం దగ్గర ఇంకో చిన్న గేర్ పెట్టె ఉంది. యాక్సిల్ షాఫ్టు చక్రం మధ్యలోకి కాకుండా పైనుంచి వచ్చి ఆ గేర్ల ద్వారా కిందికి దిగుతుంది. అందుకే బండి కడుపు కింద 16 అంగుళాల ఖాళీ. మన ఆర్మీ వాడిన జోంగా జీపు కింద దూరాలంటే ఊపిరి బిగపట్టాలి. దీని కింద పక్కకి తిరిగి పడుకోవచ్చు. ఇంజిన్, గేర్ బాక్స్ సామానంతా పైకి జరిగి బండి నడుమ పెద్ద అరుగులా లేచింది. నలుగురు మనుషులు నాలుగు మూలలకు పోయారు. అందుకే ఏడడుగుల వెడల్పు. మన ఊరి సందుల్లోకి తెస్తే అద్దాలు మడిచినా గోడలు గీరుకుంటాయి.

అక్కడే ఇంకొకటి చూశాను. ఆ హమ్వీ లోపల, కాళ్ళు పెట్టుకునే చోట, ఇసుక మూటలు పరిచి ఉన్నాయి. తలుపులు గుడ్డవి. మందుపాతర భయానికి మేం ఏ ఉపాయం చేస్తామో ప్రపంచంలోనే డబ్బున్న సైన్యం కూడా అదే చేస్తోంది. ఆ బండి యూరప్‌లో ట్యాంకుల వెనక నడవడానికి, సామాను, రేడియోలు, క్షిపణులు మోయడానికి పుట్టింది. ఊరి బజార్లో గస్తీ తిరగడానికి కాదు.

కవచం తొడగడం ఎంత సులువో, దాని లెక్క అంత కఠినం. ఇది నా సొంత అనుభవం. కాశ్మీర్ వైపు పనిచేస్తున్నప్పుడు ఒక వన్ టన్ బండికి చుట్టూ ఇనప ప్లేట్లు వెల్డింగ్ చేయమని మాకు చెప్పారు. 6 ఎంఎం ఉక్కు ప్లేటు చదరపు మీటరుకు 47 కిలోలు తూగుతుంది. పది చదరపు మీటర్లు కొట్టాం, 470 కిలోలు. కింద పన్నెండు ఇసుక మూటలు, ఒక్కోటి 25 కిలోలు. మొత్తం 770. బండి మోయగలిగేది టన్ను. మిగిలిన 230 కిలోల్లో డ్రైవర్ కాక ఆరుగురు మనుషులు, తుపాకులు, తూటాలు, నీళ్ళు! మనుషులు మాత్రం లెక్క చూసుకుని ఎక్కుతారా? మూడు వారాల్లో కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగులు) బల్లపరుపుగా అయిపోయాయి. ఒక రోజు దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కి పట్టు వదిలాయి. డ్రైవర్ కొండ వైపుకు తిప్పి, రాయికి రాసి ఆపాడు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. వెల్డింగ్ చేసిన చెయ్యి నాదే కాబట్టి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్లేట్లు తూటాను ఆపుతాయి, కాదనను. బండిని మాత్రం మేమే సగం చంపేశాం.

2003 తర్వాత ఇరాక్‌లో జరిగింది దీనికి వేల రెట్లు. మొదట్లో కవచం ఉన్న హమ్వీలు చాలా తక్కువ. సైనికులు చెత్తకుప్పల్లో దొరికిన ఇనప ముక్కలు, పాత గాజు పలకలు కట్టుకుని తిరిగారు. 2004 డిసెంబర్‌లో కువైట్‌లో ఒక సైనికుడు రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌ను అందరి ముందూ నిలబెట్టి, మేం చెత్తలో ఇనుము ఎందుకు ఏరుకోవాలని అడిగాడు. ఆ తర్వాత కవచం కిట్లు గబగబా వచ్చాయి. బరువు పెరిగింది. సస్పెన్షన్ పోయింది, గేర్ బాక్సులు పోయాయి. బండి పై భాగం బరువెక్కి కాలువ గట్ల మీద బోర్లా పడటం మొదలైంది. పేలుడు తర్వాత ఆ బరువైన తలుపులు ఇరుక్కుపోయి లోపలివాళ్ళు బయటికి రాలేకపోయారు. అప్పుడు ఆ తలుపులను ఇంకో బండికి గొలుసుతో కట్టి లాగడానికి కొక్కేలు తయారు చేశారు. బోర్లా పడ్డ హమ్వీలోంచి బయటపడటం నేర్పడానికి, బండి పెట్టెను గుండ్రంగా తిప్పే ట్రైనింగ్ యంత్రం పెట్టారు. ఒక పరిష్కారం ఇంకో సమస్యను కనడం, దానికి మళ్ళీ ఒక పరిష్కారం. మెకానిక్‌కు ఇది రోజూ ఉండే బతుకే.

ఎంత కవచం తొడిగినా హమ్వీకి తీరని లోపం ఒకటుంది. అడుగు చదునుగా ఉంటుంది, నేలకు దగ్గరగా ఉంటుంది. పాతర పేలినప్పుడు ఆ దెబ్బంతా పళ్ళెం అడుగున తగిలినట్టు ఒక్కసారిగా తగులుతుంది. పడవ అడుగులా ‘వి’ ఆకారంలో ఉంటే దెబ్బ రెండు పక్కలకూ జారిపోతుంది. సీటు నేలకు బిగించకుండా గోడకో పైకప్పుకో వేలాడదీస్తే వెన్నెముక బతుకుతుంది. ఈ విద్య కనిపెట్టింది అమెరికా కాదు. రొడీషియా, దక్షిణాఫ్రికా 1970లలోనే ఇలాంటి బండ్లు చేశాయి. మన ఆర్మీ కూడా 1990ల చివర్లో అక్కడి క్యాస్పిర్లు కొంది. తర్వాత మన ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలోనే మైన్ ప్రొటెక్టెడ్ బండ్లు చేశారు. 2007లో అమెరికా రక్షణ మంత్రి గేట్స్ దీన్ని అన్నిటికంటే ముఖ్యమైన పనిగా ప్రకటించాక రెండు మూడేళ్ళలో ఎంరాప్ అనే పేరుతో వేల కొద్దీ బండ్లు దిగాయి. మొత్తం మీద 27,000 దాకా కొన్నారు. ప్రాణాలు కాపాడాయి, అందులో సందేహం లేదు.

కానీ పద్నాలుగు పదిహేను టన్నుల బండి ఆఫ్ఘనిస్తాన్ కొండదారుల్లో ఎక్కడ తిరుగుతుంది? మట్టి రోడ్డు అంచు విరిగి దొర్లిపోవడం, చిన్న వంతెనలు దాటలేకపోవడం. తిరిగేది గట్టి రోడ్ల మీదే కాబట్టి ఎక్కడ పాతర పెట్టాలో శత్రువుకు ముందే తెలిసిపోవడం. 2009లో కొండలకోసమని ఆష్‌కాష్ కంపెనీతో కొంచెం చిన్నది చేయించారు. ఇంకో సంగతి, ఏ అడుగైనా సరే, అవతలివాడు మందు ఎక్కువ పెడితే ఆగదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మన మైన్ ప్రూఫ్ బండినే పేల్చేస్తే ఇరవై మందికి పైగా జవాన్లు చనిపోయారు.

ఈ రెంటికీ మధ్య, అంటే హమ్వీలా తిరగాలి, ఎంరాప్‌లా కాపాడాలి అని పుట్టింది జేఎల్‌టీవీ. 2008లో మొదటి నమూనాల కాంట్రాక్టులు, 2015లో ఆష్‌కాష్ గెలుపు, దళాల చేతికి వచ్చేసరికి 2019. మొదటి జీపు 49 రోజులు, దీనికి పదకొండేళ్ళు. దీన్ని చూపించి నవ్వేవాళ్ళున్నారు, నేను నవ్వను. బాంటమ్ వాళ్ళకు పేలుడు పరీక్షలు లేవు, అంత ఎలక్ట్రానిక్స్ లేవు, లోపలివాడు బతకాలన్న షరతే లేదు. బండిగా చూస్తే జేఎల్‌టీవీ అద్భుతం. చక్రం ఇరవై అంగుళాలు పైకీ కిందికీ ఆడుతుంది. హమ్వీ పోయే గతుకుల దారిలో దానికంటే వేగంగా, లోపల నడుం విరగకుండా పోతుంది.

2023లో తమాషా జరిగింది. తర్వాతి విడత జేఎల్‌టీవీల కాంట్రాక్టు, వాటిని కనిపెట్టిన ఆష్‌కాష్‌కు కాకుండా ఏఎం జనరల్‌కు దక్కింది. డిజైన్ హక్కులు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి కాబట్టి ఇంకొకరితో చేయించుకోవచ్చు. బాంటమ్ గుర్తొచ్చిందా? 1940లో ఆ డ్రాయింగులు అందుకున్న విల్లీస్ వంశమే 2023లో కూడా అందుకుంది. అన్యాయం అనిపించొచ్చు. సైన్యం వైపు నుంచి చూస్తే ఒకే కంపెనీ చేతిలో ఇరుక్కోకుండా ఉండటానికి ఇంతకంటే మార్గం లేదు.

మరి 2025 మే నెలలో ఆర్మీ వీటిని ఎందుకు ఆపింది? ఉక్రెయిన్. అక్కడ కొన్ని వందల డాలర్ల డ్రోన్ పైనుంచి వచ్చి ట్యాంకులనే కాలుస్తోంది. ‘వి’ ఆకారపు అడుగు పైనుంచి వచ్చేదానికి ఏం చేస్తుంది? ఆరు టన్నుల బండి ఆ డ్రోన్‌కు తట్టుకోదు, దాక్కోనూ లేదు. పైగా దాన్ని ఎత్తాలంటే చినూక్ లాంటి పెద్ద హెలికాప్టర్ కావాలి. ఇప్పుడు కొంటున్న ఐఎస్‌వీని బ్లాక్‌హాక్ హెలికాప్టర్ కొక్కానికి తగిలించుకుని పోవచ్చు. ఐఎస్‌వీ అంటే షెవర్లే కొలరాడో పికప్ సామానుతో జనరల్ మోటార్స్ చేసిన బండి. 90 శాతం భాగాలు బజార్లో దొరికేవే. తొమ్మిది మంది కూర్చుంటారు, తలుపుల్లేవు, కవచం లేదు. పెంటగాన్ పరీక్షల విభాగమే ఇందులో రక్షణ లేదని, తొమ్మిది మంది సామానుతో కూర్చుంటే ఇరుకని రాసింది. మళ్ళీ 1940 జీపు తర్కమే: కనబడకు, ఆగకు, దిగి నడువు.

అదే దెబ్బలో ఎం10 బుకర్ అనే ట్యాంకు లాంటి బండి కూడా పోయింది. తేలికపాటి దళాల కోసమని మొదలుపెట్టారు, బయటికొచ్చేసరికి 38 టన్నులు! ప్రతి కమిటీలో ఒకడు "ఇది కూడా పెట్టండి" అంటాడు. పెళ్ళి ఖర్చు లాంటిదే, ఒక్కొక్కటీ చిన్నదే, చివర్లో లెక్క చూసుకున్నవాడికి తెలుస్తుంది.

రెండు మాటలు జాగ్రత్తగా అర్థం చేసుకోండి. ఒకటి, కొనడం ఆపడం వేరు, వాడటం ఆపడం వేరు. హమ్వీలు ఇప్పటిదాకా రెండు లక్షల ఎనభై వేలకు పైగా తయారయ్యాయి. అవి ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతూనే ఉంటాయి. రెండు, యుద్ధం లేనప్పుడు కూడా ఈ బండ్లు మనుషులను చంపుతాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క ప్రకారం 2010 నుంచి 2019 వరకు ఆర్మీ, మెరైన్ల మిలిటరీ బండ్ల ప్రమాదాలు 3,753, చనిపోయినవాళ్ళు 123 మంది. ఎక్కువ భాగం డ్రైవర్ అజాగ్రత్త, పర్యవేక్షణ లోపం, ట్రైనింగ్ చాలకపోవడం. ఏబీఎస్, పల్టీ కొట్టకుండా ఆపే కంట్రోల్ లాంటివి మన కార్లలో కూడా ఉంటున్నాయి. హమ్వీలకు ఈ మధ్యనే పెడుతున్నారు.

ఐఎస్‌వీ మీద నా అభిప్రాయం అడిగితే, ఇది కూడా పదేళ్ళకు బరువెక్కుతుంది. ఎక్కడో ఒక చోట నలుగురు చనిపోతారు, ఎవరో ఒకరు తలుపు పెట్టమంటారు. పెట్టకపోతే తప్పు, పెడితే కమాన్లు దిగుతాయి. ఆ తలుపు వెల్డింగ్ చేసే మెకానిక్ ఎవరో కానీ, చదరపు మీటరుకు 47 కిలోలన్న లెక్క ముందే వేసుకుంటే బాగుండు.

ఇక మీ చివరి ప్రశ్న. పని చేయడానికి సుఖం హమ్వీ, కింద అంత చోటుంటుంది. ఇష్టం మాత్రం పాత జీపే. ఇప్పుడు నా షెడ్డులో ఒకటుంది. ఇంజిన్ విల్లీస్‌ది, బాడీ మహీంద్రాది, వెనక యాక్సిల్ ఫోర్డ్‌ది. ఎవరు, ఎప్పుడు, ఏ ఊళ్ళో కలిపారో తెలియదు కానీ అన్నీ ఒకదానికొకటి కూర్చున్నాయి. నిన్న సాయంత్రానికి ఎఫ్ బోల్టులు పదకొండు దొరికాయి, ముందు వైపు ఇంకా తుడవలేదు.